కౌంటర్‌కు ఇవతలి వైపు: కంప్యూటర్ వాడకంపై గుణాత్మక పరిశోధన

మనిషికీ కంప్యూటర్‌కూ మధ్య నడిచే వ్యవహారాన్ని పరిశీలించే శాస్త్రానికి హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ అని పేరు. ఇక్కడ కంప్యూటర్ అంటే బల్ల మీది యంత్రం ఒక్కటే కాదు. రైతు చేతిలోని ఫోను, రేషన్ షాపులో వేలిముద్ర తీసుకునే ఈ-పాస్ మిషను, మీసేవ కేంద్రంలో దరఖాస్తు నింపే తెర, బ్యాంకు ఏటీఎం అన్నీ ఈ శాస్త్రం పరిధిలోకే వస్తాయి. ఒక పని ఎన్ని నిమిషాలలో పూర్తయింది, నూరు మందిలో ఎందరు తప్పు మీట నొక్కారు, రోజుకు ఎన్ని దరఖాస్తులు ఆమోదం పొందాయి అని లెక్కగట్టేది పరిమాణాత్మక పరిశోధన. అదే పని ఎవరి చేతుల మీదుగా, ఎవరి మాటసాయంతో, ఏ భయంతో, ఏ నమ్మకంతో జరిగిందో తెలుసుకోవడానికి మనుషుల దగ్గర కూర్చుని, చూసి, విని, రాసుకుని, ఆ రాతలలోంచి అర్థాన్ని రాబట్టేది గుణాత్మక పరిశోధన. కురవి వంటి మండల కేంద్రంలో ఈ రెండో రకం పరిశోధనకు ఎందుకు అంత ప్రాముఖ్యం ఉన్నదో, అది ఏ తీరులో జరగాలో పరిశీలించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

కురవి 2016 అక్టోబరు 11న ఏర్పడిన మహబూబాబాద్ జిల్లాలోని మండల కేంద్రం. అంతకు ముందు వరంగల్ జిల్లాలో ఉండేది. వీరభద్రస్వామి ఆలయం వల్ల, శివరాత్రి జాతర వల్ల ఊరి పేరు దూరప్రాంతాల వారికి కూడా తెలుసు. చుట్టూ పత్తి, మిరప, వరి పండించే గ్రామాలు, వాటి మధ్య లంబాడీ తండాలు ఉన్నాయి. తండాలో ఇంటి మాట గోర్ బోలి, బజారు మాట తెలంగాణ తెలుగు, ప్రభుత్వ తెర మీది మాట ఆఫీసు తెలుగు లేదా ఇంగ్లీషు. కులం సర్టిఫికెట్ కావాలన్నా, ఆదాయం సర్టిఫికెట్ కావాలన్నా, పాస్‌బుక్‌లో తప్పు పడిన పేరు సరిచేయించుకోవాలన్నా, 2025లో వచ్చిన కపాస్ కిసాన్ యాప్‌లో పత్తి అమ్మకానికి స్లాట్ బుక్ చేయాలన్నా ఈ మూడు మాటల మధ్య దారి వెతుక్కోవలసిందే. 2001లో హైదరాబాద్‌లో మొదలైన ఈ-సేవ, 2011 నవంబరులో వచ్చిన మీసేవ, 2020 అక్టోబరు 29న ప్రారంభమైన భూ రికార్డుల పోర్టల్ ధరణి, దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న వచ్చిన భూభారతి కలిసి పావు శతాబ్దంలో పాలనను కాగితం మీది నుంచి తెర మీదికి తెచ్చాయి. ఈ మార్పులోని మంచి చెడ్డలను తూచడానికి ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ తెరను నిజంగా వాడుతున్నది ఎవరు?

మండల కేంద్రంలోని ఒక మీసేవ కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే ఈ ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదని అర్థమవుతుంది. కంప్యూటర్ తెర ఆపరేటర్ వైపు తిరిగి ఉంటుంది; పని మీద వచ్చిన మనిషికి దాని వెనక భాగం, వేలాడే వైర్లు మాత్రమే కనిపిస్తాయి. తండా నుంచి వచ్చిన ముసలమ్మ చీర కొంగున ముడివేసిన ప్లాస్టిక్ కవర్ విప్పి ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పాస్‌బుక్ జిరాక్సు అన్నీ ఒకేసారి బల్ల మీద పరుస్తుంది. వాటిలో ఏది కావాలో ఎంచుకునే పని ఆపరేటర్‌ది. తెర మీద ఇంగ్లీషులో ఉన్న గడిని అతడు మనసులో చదువుకుని, "అవ్వా, పాస్‌బుక్కుల పేరు ఎట్లున్నది, ఆధార్ల ఎట్లున్నది?" అని అడుగుతాడు, ఆమె జవాబు చెప్పేలోగా వరుసలో వెనకున్న మనిషి కార్డు అందుకుని చదివి వినిపిస్తాడు. ఆధార్‌కు లింకైన ఫోను పట్నంలో ఉన్న కొడుకు దగ్గర ఉంటుంది కాబట్టి ఆపరేటర్ తన ఫోను నుంచే అతనికి కాల్ చేస్తాడు. కొడుకు పనిలో ఉండి ఫోను ఎత్తేసరికి ఓటీపీ గడువు దాటిపోతుంది, మళ్లీ మొదటి నుంచి నొక్కాలి. చివరికి దరఖాస్తు వెళుతుంది, రసీదు కాగితం బయటికి వస్తుంది, ఆమె దాన్ని కవర్‌లో పెట్టి మళ్లీ ముడివేసుకుంటుంది.

ఎక్కడో ఉన్న సర్వర్‌లో ఇదంతా ఒక్క వరుసగా నమోదవుతుంది: ఒక వినియోగదారు, ఒక దరఖాస్తు, పని విజయవంతం. ముసలమ్మ, ఆపరేటర్, వెనక నిలబడిన మనిషి, పట్నంలోని కొడుకు అనే నలుగురూ ఆ వరుసలో ఒక్కరైపోయారు. పనిచేసింది ఆ నలుగురి మధ్య ఉన్న పరిచయం, ఓపిక, మాట. యంత్రానికి వాటి ఊసు తెలియదు. కంప్యూటర్ అధ్యయనాలు చాలాకాలం పాటు ఒక మనిషి, ఒక తెర అనే జోడీని ప్రమాణంగా పెట్టుకుని నడిచాయి. నిత్యా సాంబశివన్, ఆమె సహపరిశోధకులు బెంగళూరు బస్తీలలో మనుషుల మధ్య తిరిగి చేసిన అధ్యయనాన్ని 2010లో ప్రచురించి, చదువు లేక, లేదా ఫోను లేక, లేదా చేతకాక ఇతరుల ద్వారా యంత్రాన్ని వాడే పద్ధతికి మధ్యవర్తుల ద్వారా సాగే వాడకం అని పేరుపెట్టారు. యంత్రాన్ని ముట్టుకోకుండానే దాని ఫలితం పొందే వారిని కూడా వినియోగదారులుగానే లెక్కించాలని చూపారు. కురవిలో ఈ మాట అక్షరాలా నిజం. అంచేత తెలుగు పల్లెలో గుణాత్మక పరిశోధన తెర ముందు ఉన్న ఒక్క మనిషితో మొదలు కాకూడదు. తెర చుట్టూ గుమిగూడిన సంబంధాలతో మొదలు కావాలి.

ఈ శాస్త్రంలో గుణాత్మక పద్ధతికి బలమైన పునాది వేసినది లూసీ సచ్‌మన్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త. ఆమె కాలిఫోర్నియాలోని జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ, వాడేవారికి తానే సలహాలిచ్చే ఒక కొత్త రకం కాపీ మిషను ముందు మనుషులను ఇద్దరిద్దరిగా నిలబెట్టి, వారు ఏమి చేశారో, ఏమి మాట్లాడుకున్నారో వీడియో తీసి, ఒక్కొక్క క్షణాన్ని రాతలో పెట్టి పరిశీలించారు. పేరుమోసిన కంప్యూటర్ శాస్త్రవేత్తలు కూడా ఆ మిషను ముందు తికమకపడిన సంగతి ఆ వీడియోలలో నిలిచిపోయింది. మిషను తయారుచేసినవారు మనిషి ముందుగా పథకం వేసుకుని మెట్టు మెట్టుగా దాన్ని అమలుచేస్తాడని అనుకున్నారు. మనుషులు మాత్రం ఎదుట ఉన్న పరిస్థితిని బట్టి, పక్క మనిషి మాటను బట్టి, యంత్రం చేసిన చప్పుడును బట్టి అప్పటికప్పుడు దారి మార్చుకున్నారు. 1987లో పుస్తకంగా వచ్చిన ఈ పరిశీలన ఆ తర్వాతి తరాల పరిశోధకుల చూపునే మార్చింది.

ఆమె ఇద్దరిని కలిపి నిలబెట్టడం వెనక ఒక పద్ధతి ఉన్నది. ఒంటరి మనిషి చేత పని చేయిస్తూ, మనసులో ఏమనుకుంటున్నాడో పైకి చెప్పమని కోరే పద్ధతి కూడా ఒకటి ఉన్నది. దానిని పైకి చెబుతూ చేసే పరీక్ష అనవచ్చు. చదువుకున్న నగరవాసులతో అది బాగానే సాగుతుంది. కురవి మండలంలోని ఒక పెద్ద వయసు స్త్రీని కొత్త మనిషి ఎదుట కూర్చోబెట్టి, ఫోనులో వేలు కదుపుతూ మనసులో మాట పైకి చెప్పమంటే ఆమె తలదించుకుని మౌనంగా ఉంటుంది, లేకపోతే అడిగిన మనిషికి నచ్చే జవాబు చెబుతుంది. ఇద్దరు కలిసి పని చేస్తున్నప్పుడు మాత్రం మాట సహజంగానే పుడుతుంది, ఎందుకంటే మాట్లాడకపోతే పని సాగదు. ఆపరేటర్, రైతు మధ్య, మనవరాలు, నాయనమ్మ మధ్య రోజూ జరిగే ఈ సంభాషణే పరిశోధకుడికి దొరికే మేలిమి సామగ్రి. ప్రయోగశాలలో కష్టపడి సృష్టించవలసిన పరిస్థితి ఇక్కడ ప్రతి కౌంటర్ ముందూ సిద్ధంగా ఉంటుంది.

మధ్యవర్తిని లోపంగా చూడక, అతడినే వ్యవస్థకు మూలస్తంభంగా నిలిపిన ప్రయోగం ఒకటి పూర్వపు వరంగల్ జిల్లాలోనే జరిగింది. 1997–98లో ఆ జిల్లా పత్తి రైతులను లద్దె పురుగు దెబ్బతీసింది. పంట పోయి, అప్పులు మీద పడి ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. పురుగు ఏదో, దానికి మందు ఏదో సకాలంలో చెప్పే నిపుణుడు దొరకని చోట మందుల దుకాణదారుడి మాటే శాస్త్రంగా చెల్లుబాటయింది. ఆ తర్వాత కొన్నేళ్లకు, 2004 ఖరీఫ్‌లో, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకి చెందిన ఆచార్య పి. కృష్ణారెడ్డి బృందం ఈ-సాగు అనే సలహా వ్యవస్థను ఆత్మకూరు మండలంలోని ఊరుగొండ, గూడెప్పాడ్, ఓగులాపూర్ గ్రామాలలో 1051 పత్తి చేలలో అమలుచేసింది.

దాని తీరు గమనించదగినది. రైతు ఇంటికి కంప్యూటర్ ఇవ్వలేదు, రైతును ప్రశ్న టైపు చేయమని అడగలేదు. ఊళ్లోనే ఉండే, కొంత చదువుకున్న, సేద్యం తెలిసిన మనుషులను సమన్వయకర్తలుగా ఎంచుకున్నారు. వారు చేను చేనుకూ తిరిగి మొక్కల, ఆకుల, కాయల ఫొటోలు డిజిటల్ కెమెరాతో తీశారు. ఆ రోజుల్లో ఊరి ఫోను లైను మీద అన్ని ఫొటోలు పంపడం సాధ్యం కాదు కాబట్టి వాటిని సీడీల్లోకి ఎక్కించి కొరియర్‌లో హైదరాబాద్‌కు పంపారు. అక్కడ వ్యవసాయ నిపుణులు ఫొటోలతో పాటు ఆ చేను నేల రకం, విత్తిన తేదీ, అంతకుముందు వేసిన ఎరువులు, కొట్టిన మందుల వివరాలు చూసి ఆ ఒక్క చేనుకు మాత్రమే వర్తించే సలహా రాశారు. ఫొటో తీసిన 24 నుంచి 36 గంటలలో సలహా ఊరికి చేరి, సమన్వయకర్త దాన్ని రైతుకు వివరించాడు. రైతు అడగకముందే అతని చేను గురించి ఒక నిపుణుడు ఆలోచించడం ఈ వ్యవస్థలోని గొప్పతనం. తన పంటకు వచ్చిన తెగులును మాటల్లో వర్ణించడం రైతుకు కష్టమనీ, వర్ణన విని తెగులు పోల్చుకోవడం నిపుణుడికి కష్టమనీ ముందే గ్రహించి, ఆ భారాన్ని ఇద్దరి మీది నుంచీ తీసి కెమెరా పట్టుకున్న మనిషి మీద పెట్టారు.

ఇటువంటి వ్యవస్థ విలువను కొంతవరకు అంకెలతో కొలవవచ్చు: మందుల ఖర్చు ఎంత తగ్గింది, ఎకరాకు దిగుబడి ఎంత పెరిగింది అన్నవి లెక్కకు అందే విషయాలు. అయితే నూరు ఆకులున్న మొక్కలో ఏ ఆకు ఫొటో తీయాలని సమన్వయకర్త ఎలా నిర్ణయించుకున్నాడు, ఆకును తిప్పి అడుగు భాగం కూడా తీయాలని అతనికి ఎవరు నేర్పారు, సలహా చదివి వినిపించేటప్పుడు రైతు ఏ మాట దగ్గర ఆగి మళ్లీ అడిగాడు, సలహా నచ్చినా పాటించలేకపోతే కారణం అపనమ్మకమా, లేక అప్పు మీద మందులిచ్చే షాపులో ఆ మందు దొరకకపోవడమా అన్న ప్రశ్నలకు చేను గట్టు మీద సమన్వయకర్త వెంట నడిచిన పరిశోధకుడు మాత్రమే జవాబు చెప్పగలడు. వ్యవస్థను మరో పంటకు, మరో జిల్లాకు తీసుకుపోయేటప్పుడు నిలబెట్టేవీ, పడగొట్టేవీ ఈ సంగతులే.

అంకెల పరిశోధనను చులకన చేయడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్రల స్మార్ట్‌కార్డుల ద్వారా చెల్లించినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు ఖమ్మం, నల్లగొండ సహా ఎనిమిది జిల్లాలలో మండలాలను లాటరీ పద్ధతిలో ఎంపికచేసి పరీక్షించారు. కూలి త్వరగా చేతికందిందనీ, దారిలో కాజేసే సొమ్ము తగ్గిందనీ 2016లో ప్రచురించిన వ్యాసంలో నిరూపించారు. ఇది ఎన్నదగిన ఫలితం. అదే రాష్ట్రంలో, ఉపాధి హామీ పథకం మీదే రాజేశ్ వీరరాఘవన్ అనే పరిశోధకుడు ఊళ్లలోనూ ఆఫీసుల్లోనూ దీర్ఘకాలం తిరిగి చేసిన పరిశీలన మరొక పొరను విప్పింది: పై అధికారులు సాఫ్ట్‌వేర్‌లో ఒక కంత పూడిస్తే ఊరి పెత్తందారులు మరొక కంత వెతుక్కునేవారనీ, అధికారులు దానికీ మళ్లీ ఒక అతుకు వేసేవారనీ, కంప్యూటర్ వ్యవస్థ ఒకసారి కట్టి వదిలేసే కట్టడం కాక నిత్యం సాగే పెనుగులాట అనీ ఆయన పుస్తకం చూపుతుంది. మొదటి పరిశోధన యంత్రం పనిచేసిందా అని తేల్చింది. రెండోది ఎవరి మీద, ఎవరి ద్వారా, ఎంత కాలం పనిచేస్తుందో చెప్పింది. విధానాలు రాసేవారు మొదటిదాన్ని మాత్రమే చదవడం మన దగ్గర అలవాటైపోయింది, ఇది మారాలి.

ఇంకొక సంగతి, బహుశా అన్నిటికన్నా ముఖ్యమైనది: తెర మీద గడి లేని విషయం లెక్కలో ఎన్నటికీ కనిపించదు. పాత భూమి రికార్డు అయిన పహాణీలో పట్టాదారు పేరుతో పాటు భూమి దున్నుకుంటున్న అనుభవదారు పేరు కూడా ఉండేది. ధరణిలో ఆ గడి లేకుండా పోయింది. కౌలు రైతు, తెల్లకాగితం మీద సాదాబైనామా రాయించుకుని భూమి కొన్న రైతు, అన్నదమ్ముల మధ్య నోటిమాటతో పంచుకున్న రైతు మీసేవకు వచ్చి తమ కథంతా చెబితే ఆపరేటర్ విని, తెర వైపు చూసి, ఇందులో ఆప్షన్ లేదని చెప్పి పంపించేవాడు. దరఖాస్తే పెట్టలేని మనిషి తిరస్కరణల లెక్కలో కూడా చేరడు. అతడు ఉన్నాడని తెలియాలంటే కౌంటర్ దగ్గర నిలబడి వెనుదిరిగి పోతున్నవారిని పలకరించాలి. రేషన్ షాపులోనూ ఇంతే: మిరపకాయలు ఏరి ఏరి వేళ్లు మండి, చర్మం అరిగిన కూలి స్త్రీ ఈ-పాస్ మిషను మీద వేలు మార్చి మార్చి పెట్టి, పైట చెంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టి, చివరికి కంటిపాపతోనో ఓటీపీతోనో బియ్యం తీసుకుంటే, లెక్కలో అది కూడా విజయమే, రేపు రమ్మంటే పోగొట్టుకునే కూలి ఆ లెక్కలో లేదు.

ఊళ్లో ఉండి ఊరిని అర్థం చేసుకునే పరిశోధన తెలుగు నేలకు కొత్త కాదు. ఎస్.సి. దూబే నాయకత్వంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందం 1951–52లో హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటలో చేసిన అధ్యయనం 1955లో ఇండియన్ విలేజ్ పేరుతో పుస్తకమై, భారతీయ గ్రామాన్ని చదివే విద్యార్థులకు నేటికీ దారి చూపుతున్నది. కులాన్ని, కుటుంబాన్ని, సేద్యాన్ని అలా పరిశీలించిన ఆ సంప్రదాయాన్ని ఫోను, తెర, వేలిముద్ర దాకా పొడిగించవలసిన బాధ్యత ఇప్పటి విశ్వవిద్యాలయాలది.

పరిశోధకుడు చేయవలసిన పనిలో అన్నిటికన్నా కష్టమైనది విన్నదాన్ని విన్నట్టుగా రాసుకోవడం. ముఖాముఖిలో ఒక రైతు "ఓటీపీ మా పోరని ఫోనుకొస్తది, వాడు పట్నంల ఉంటడు, వాడెత్తితెనే పనైతది" అన్నాడనుకుంటే, దానిని ఓటీపీ అందుటలో జాప్యం అని ఆఫీసు భాషలోకి మార్చి రాసుకున్న క్షణంలోనే సగం అర్థం జారిపోతుంది. రాసుకున్న మాటలను ముక్కలుగా విడదీసి ఒక్కొక్క ముక్కకు గుర్తు పెట్టడాన్ని కోడింగ్ అంటారు. పై మాటలో ఫోను కొడుకుదన్న సంగతికి ఒక గుర్తు, కొడుకు దూరాన ఉన్న సంగతికి మరొకటి, అతడి తీరిక మీద తండ్రి పని ఆధారపడి ఉన్న సంగతికి ఇంకొకటి పడతాయి. పదిమంది మాటల్లో మూడో గుర్తు మళ్లీ మళ్లీ కనిపిస్తే అది ఒక ఇతివృత్తమవుతుంది: ఇంటి పెద్ద తన భూమి పనికి పిల్లల అనుమతి కోసం ఎదురుచూడవలసి రావడం. ముందుగా సిద్ధాంతం పెట్టుకుని దానికి సాక్ష్యం వెతకడం మాని, సేకరించిన మాటల్లోంచే సిద్ధాంతాన్ని పైకి రానివ్వాలని గ్లేసర్, స్ట్రాస్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1967లో ప్రతిపాదించిన పద్ధతికి ఇదే సారం.

పది, ఇరవై మందితో మాట్లాడి జిల్లా అంతటి గురించి ఎలా చెప్పగలరన్న అభ్యంతరం తరచుగా వినిపిస్తుంది. ఎంత మందికి ఈ ఇబ్బంది ఉన్నదో ఈ పరిశోధన చెప్పలేదు, చెప్పబోకూడదు కూడా. ఇబ్బంది ఏ రూపాలలో ఉన్నదో, ఒక్కొక్క రూపం ఎలా పుడుతున్నదో చెప్పగలదు. కొత్తగా కలిసిన మనుషుల దగ్గర కొత్త సంగతి రావడం ఆగిపోయే దాకా వెతకడం ఇందులో నియమం. అందుకని భిన్నమైన మనుషులను కోరి వెతకాలి. పట్టాదారుతో మాట్లాడితే కౌలుదారుతో, ఊరి మధ్య ఉన్నవారితో మాట్లాడితే తండా చివర ఉన్నవారితో, మగవారితో మాట్లాడితే ఫోను ఎన్నడూ చేతికి రాని ఆడవారితో మాట్లాడాలి.

అనువాదకుడి ఎంపికలో చాలా అధ్యయనాలు దెబ్బతింటాయి. గోర్ బోలి తెలియని పరిశోధకుడు తండాకు వెళ్లేటప్పుడు పరిచయం ఉన్నాడు కదా అని మీసేవ ఆపరేటర్‌నో, రేషన్ డీలర్‌నో వెంటబెట్టుకుని పోతే, అతని ఎదుట అతని గురించిన ఫిర్యాదు ఒక్కటి కూడా బయటికి రాదు. తండాలోనే చదువుకున్న యువతి ఒకరు ఆ పని చేయడం మేలు. ఆడవారి మాట ఆమె ముందు ధారాళంగా వస్తుంది. కాలం కూడా చూసుకోవాలి: పత్తి తీసే రోజుల్లో, మిరప ఏరే రోజుల్లో పగటిపూట ఇంట్లో ఎవరూ ఉండరు.

భూమి సంగతులు వినేటప్పుడు జాగ్రత్త మరింత అవసరం. సర్వే నంబరు, అన్నదమ్ముల తగాదా, అప్పు వివరం పరిశోధకుడి నోట్సులో చేరితే, అవి బయటపడిన రోజు నష్టపోయేది చెప్పిన మనిషి. నివేదికలో పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. చిన్న ఊళ్లో నాలుగు ఎకరాలు, ఇద్దరు కొడుకులు, బోరు ఎండిన చేను అని రాస్తే ఆ మనిషి ఎవరో అందరికీ తెలిసిపోతుంది. సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేయించుకోవడం కూడా ఇక్కడ తగని పని, ఎందుకంటే వేలిముద్ర వేస్తే ఏదో పథకం వస్తుందనీ, వేయకపోతే ఉన్నది పోతుందనీ జనం ఇన్నేళ్లలో నేర్చుకున్నారు. విషయమంతా వారి మాటలో వివరించి, కాదనే హక్కు ఉన్నదని స్పష్టంగా చెప్పి, నోటిమాటతో ఒప్పుకోలు తీసుకోవడమే ధర్మం.

పరిశోధన ముగిశాక ఫలితాన్ని ఊరికి తిరిగి వినిపించే పద్ధతికి తెలుగు రాష్ట్రాలలోనే మంచి నమూనా ఉన్నది. ఉపాధి హామీ సామాజిక తనిఖీలో కంప్యూటర్‌లోని మస్టర్‌ను, అంటే కూలీల హాజరు పట్టికను, కాగితం మీదికి తీసి, ఇంటింటికీ తిరిగి కూలీలను అడిగి, ఆ తర్వాత ప్రజావేదికలో అందరి ఎదుట పైకి చదివేవారు. ఫలానా వారం ఇన్ని రోజులు పనిచేసినట్టు ఉన్నదని చదవగానే, తాను అప్పుడు ఊళ్లోనే లేనని కూలీ లేచి చెప్పేవాడు. కంప్యూటర్ అధ్యయనాలు కూడా ఈ దారి పట్టవచ్చు. కురవి గ్రామసభలో తెలుగులో, తండాలో గోర్ బోలిలో, పేర్లూ ఆనవాళ్లూ తీసివేసిన ఫలితాలను చదివి వినిపించి, తాము చెప్పింది ఇదేనా అని అడగాలి. కాదన్నవారి మాటను తేదీతో సహా నోట్సులో చేర్చాలి. తెరను రూపొందించే ఇంజనీర్లకు పంపే నివేదికలో పరిశోధకుడు మొదట రాసిన కథనం, దాని పక్కనే ఊరు దిద్దిన కథనం రెండూ ఉండాలి, ఏ గడి ఎందుకు కావాలో నిర్ణయించవలసినవారు ఆ రెంటి మధ్య తేడాను తామే చదివి చూసుకునేలాగ.